నింద టర్బోకి, జబ్బు వేరే చోట: 1.8 టీఎస్ఐ ఇంజిన్ మీద అపోహలు - వాస్తవాలు

పాత స్కోడా సూపర్బ్, లారా, ఆక్టేవియా పెట్రోల్ బండ్లు ఇప్పుడు హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొత్త చిన్న కారు కంటే తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ఒకసారి ఔటర్ మీద నడిపినవాళ్లకు ఆ పికప్ మరిచిపోవడం కష్టం. కొనే ముందు మా షెడ్డుకు తెచ్చి చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, టర్బో ఎన్నాళ్లు వస్తుంది?" టర్బో అంటే ఇంజిన్ పొగ బలంతో తిరిగి లోపలికి ఎక్కువ గాలి నెట్టే భాగం. కానీ ఈ బండ్లలోని 1.8 టీఎస్ఐ ఇంజిన్‌లో దాని కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని వదిలేసి టర్బో గురించి టెన్షన్ పడటం వల్లే మంచి బండ్లు కూడా పాడవుతున్నాయి.

ముందు ఇంజిన్ వివరాలు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో ఈ కుటుంబం పేరు ఈఏ888. నాలుగు సిలిండర్లు, 1798 సీసీ, పోత ఇనుము బ్లాక్, అల్యూమినియం హెడ్, వాల్వులను సరైన వేళకు తెరిపించే టైమింగ్ చైన్, పెట్రోల్‌ను నేరుగా సిలిండర్ లోపలికే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్. 2009లో మన దేశానికి వచ్చిన సూపర్బ్‌లో, ఆ తర్వాత లారాలో 160 పీఎస్ పవర్, 250 ఎన్ఎం టార్క్ (లాగే బలం). ఆ టార్క్ మొత్తం 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. ఆడి ఏ4లో 1.8 టీఎఫ్ఎస్ఐ అన్నదీ ఈ కుటుంబమే. 2013 ఆక్టేవియాతో మూడో తరం వచ్చింది, 180 పీఎస్. 2020లో బీఎస్6 నిబంధనలు వచ్చాక 1.8 ఆగిపోయి, ఆ చోటులోకి 2.0 లీటర్ల ఇంజిన్ వచ్చింది. ఈ తరాల తేడా గుర్తుపెట్టుకోండి. రెండో తరం జబ్బులు అన్నీ మూడో తరానికి లేవు. "టీఎస్ఐ అంటే ఇంతే" అని అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం పెద్ద పొరపాటు.

అపోహ: టర్బో బండిలో ముందు పోయేది టర్బోనే.

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దాని ఒక పక్క 900 డిగ్రీల దాకా వేడెక్కే పొగ. ఇది విన్నవాళ్లకు భయం వేయడం సహజం. కానీ దాని బేరింగ్‌లకు శుభ్రమైన ఆయిల్ సరిపడా అందుతున్నంత కాలం అది మొండిగానే పనిచేస్తుంది. పాడైన టర్బో విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది నల్లగా గడ్డకట్టిన ఆయిలే. అంటే టర్బోను ఆయిల్ చంపింది.

"పికప్ పడిపోయింది, టర్బో మార్చాలన్నారు" అని వచ్చే బండ్లలో ముందు డైవర్టర్ వాల్వ్ చూడాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు బూస్ట్ ప్రెషర్‌ను (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని) పక్కకు మళ్లించే చిన్న వాల్వ్ ఇది. పాత రకంలో లోపలి రబ్బరు పొర చిరిగిపోతుంది, బూస్ట్ నిలవదు. ఆ తర్వాత గాలి పైపుల క్లిప్పులు, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడాలి. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, గలగలమనే శబ్దం వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బోకు వెళ్లకుండా మళ్లించే తలుపు) లింకు వదులైనందువల్ల కూడా వస్తుంది, దానికి ఒక క్లిప్పు సరిపోయే సందర్భాలున్నాయి. ఇవన్నీ చూసి, స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి లీకులు పట్టడం) చేసి, ఆ తర్వాతే టర్బో మాట ఎత్తాలి. ఈ వరుస పాటించకుండా టర్బో ధర చెప్పే చోట బండి వదలకండి.

అపోహ: ఈ ఇంజిన్ ఆయిల్ తాగడం మామూలే, చిక్కటి ఆయిల్ పోస్తే ఆగిపోతుంది.

ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని ఇంజిన్లు ఇంకే కారణంతోనూ పోవు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఓనర్ మాన్యువల్‌లో వెయ్యి కిలోమీటర్లకు 0.5 లీటర్ దాకా ఆయిల్ ఖర్చు కావచ్చని రాసి ఉంటుంది. ఈ ఇంజిన్‌లో పట్టేది నాలుగున్నర లీటర్ల పైచిలుకు. ఆ లెక్కన సర్వీసు గడువు 15 వేల కిలోమీటర్లు వచ్చేసరికి ఏం మిగులుతుందో మీరే ఆలోచించండి. సర్వీసు నుంచి సర్వీసు దాకా బానెట్ ఎత్తని ఓనరుకు మధ్యలోనే ఆయిల్ లైట్ వెలుగుతుంది. అప్పటికి టర్బో, చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ రెండూ దెబ్బతిని ఉండవచ్చు.

ఆయిల్ ఎటు పోతోందో ముందు తేల్చుకోవాలి. రెండో తరంలో పెద్ద కారణం పిస్టన్ ఆయిల్ రింగులు. అవి పల్చటివి, ఆయిల్ వెనక్కి దిగే రంధ్రాలు మరీ చిన్నవి. మసి పట్టి అవి మూసుకుపోతే సిలిండర్ గోడ మీది ఆయిల్ కిందికి దిగక పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. కంపెనీ తర్వాత పిస్టన్లు, రింగుల డిజైన్ మార్చింది. రింగులు ఇరుక్కుంటే నిజమైన పరిష్కారం పిస్టన్లు మార్చడమే. హెడ్ దించాల్సిన పెద్ద పని, ఖర్చూ పెద్దదే.

కానీ ఆ మాటకు ముందు ఇంకో అనుమానితుడు ఉన్నాడు: ఇంజిన్ పైన కూర్చునే పీసీవీ వాల్వ్. ఇంజిన్ కింది భాగమైన క్రాంక్‌కేసులో చేరే పొగ నుంచి ఆయిల్‌ను వేరుచేసి, ఆ పొగను ఇన్‌టేక్‌కు (గాలి లోపలికి వెళ్లే దారికి) పంపడం దాని పని. లోపలి పొర చిరిగితే ఇంజిన్ ఆయిల్‌ను తనే పీల్చుకుంటుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీయండి. కొంచెం పీల్చినట్టు ఉంటే ఫర్వాలేదు. మూత ఊడి రానంత గట్టిగా పట్టుకున్నా, ఈల వేసినట్టు శబ్దం వచ్చినా పీసీవీ పోయినట్టే. దీన్ని ఇలాగే వదిలేస్తే వెనక క్రాంక్ సీల్ కూడా లీకవుతుంది. రింగుల ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్న పని. ముందు ఇది మార్చి, ఆయిల్ మ్యాక్స్ గీత దాకా పోసి, వెయ్యి కిలోమీటర్లు నడిపి మళ్లీ కొలవండి. రింగుల సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఇక చిక్కటి ఆయిల్. 20డబ్ల్యూ-50 పోస్తే ఆయిల్ ఖర్చు కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ ఇంజిన్‌లో ఆయిల్ పని రాపిడి తగ్గించడంతో అయిపోదు. చైన్‌ను బిగించేది ఆయిల్ ప్రెషర్, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ టైమింగ్ మార్చేది ఆయిల్ ప్రెషర్, టర్బో షాఫ్ట్ తేలేది ఆయిల్ పొర మీద. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైదాకా చేరడానికి పట్టే ఆ కొద్ది క్షణాలు చైన్ వదులుగా కొట్టుకుంటుంది. డబ్బా మీద వీడబ్ల్యూ 502 00 అని ఉన్న 5డబ్ల్యూ-40 సింథటిక్ వాడండి. ట్రాఫిక్‌లో తిరిగే బండికి 15 వేల దాకా ఆగకుండా 7,500 నుంచి 10 వేల కిలోమీటర్ల మధ్య మార్చమని నా సలహా. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ రెండు వారాలకోసారి తీసి చూడండి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, చదునైన చోట చూడాలి.

అపోహ: బెల్ట్ కాదు, చైన్. కాబట్టి జీవితాంతం చూడక్కర్లేదు.

చైన్ గట్టిదే, దాన్ని బిగించే టెన్షనర్ దగ్గరే ఇబ్బంది. రెండో తరం మొదటి బండ్లలో టెన్షనర్‌ను వెనక్కి జారకుండా ఆపే పళ్లు అరిగిపోయేవి. బండి ఆపాక ఆయిల్ ప్రెషర్ దిగిపోతుంది, టెన్షనర్ వెనక్కి జారుతుంది, చైన్ వదులవుతుంది. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు చైన్ ఒక పన్ను దాటిందంటే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ తర్వాత మిగిలేది హెడ్ పనే.

టెన్షనర్ డిజైన్‌ను 2012 ప్రాంతంలో మార్చారు. అందుకే అంతకుముందు బండి కొనేవాళ్లు టెన్షనర్ మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కింది టైమింగ్ కవర్‌కు తనిఖీ రంధ్రం ఉంటుంది, అందులోంచి చూస్తే పాతదా కొత్తదా, ఎంత బయటికి వచ్చిందో తెలుస్తుంది. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి. రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలో గరగరమని శబ్దం వస్తే అది హెచ్చరిక. మీరు వెళ్లేసరికే వేడెక్కించి పెట్టి ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

మాన్యువల్ గేరు బండి ఉన్నవాళ్లకు ఒక మాట. పల్లంలో హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి వదలకండి. బండి వెనక్కి ఊగితే ఇంజిన్ కూడా కొంచెం వెనక్కి తిరుగుతుంది. పాత టెన్షనర్‌కు అది మంచిది కాదు.

అపోహ: ఖరీదైన పెట్రోల్ పోస్తే లోపలి మసి పోతుంది.

పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకైతే కొంత నిజం. అక్కడ పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీదుగా వెళుతుంది, అందులోని డిటర్జెంట్ వాటిని కడుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఆ వాల్వులను తాకనే తాకదు. పీసీవీ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం వాటి మీద పడి, వేడికి మాడి, పొరలు పొరలుగా పేరుకుంటుంది. చల్లటి ఇంజిన్ వణకడం, మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం), పికప్ మందగించడం దీని గుర్తులు. ట్యాంకులో పోసే ఏ సీసా మందూ అక్కడికి చేరదు. మ్యానిఫోల్డ్ విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలి ప్రెషర్‌తో కొట్టి శుభ్రం చేయాలి. ఆ పనికి ముందు ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్ చూడండి, మిస్‌ఫైర్‌కు అవీ కారణమే. ఒక కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూస్తే తప్పు ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది.

ఎక్కువ ఆక్టేన్ వల్ల లాభం వేరు. తక్కువ ఆక్టేన్‌తో ఇంజిన్ నాకింగ్‌కు (పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టుకోవడానికి) దగ్గరైతే సెన్సర్ కనిపెట్టి స్పార్క్ ఆలస్యం చేస్తుంది, దాంతో పవర్ కొంచెం తగ్గుతుంది. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చూసి దాని ప్రకారం పోయించండి.

అపోహ: కూలెంట్ తగ్గితే నీళ్లు పోస్తే చాలు.

తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి. వేడికి ప్లాస్టిక్ వంగి, సీల్ దగ్గర చెమ్మ మొదలవుతుంది. మూడో తరంలోనూ ఈ బాధ తప్పలేదు. కారిన కూలెంట్ వేడి భాగాల మీదే ఆరిపోవడం వల్ల నేల మీద మరక పడదు. టార్చి వేసి చూస్తే గులాబీ రంగు పొరలాగా కనిపిస్తుంది. కుళాయి నీళ్లు పోస్తూ మే నెల ఎండల్లో నడిపితే ఒక రోజు హెడ్ వంగుతుంది. హౌసింగ్ మార్చండి, కంపెనీ చెప్పిన రకం కూలెంట్‌నే డిస్టిల్డ్ నీళ్లతో కలిపి పోయండి.

అపోహ: ఆపే ముందు ప్రతిసారీ మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

అక్కర్లేదు. ఇంజిన్ ఆపాక కూడా టర్బోకు కూలెంట్ తిప్పే ఎలక్ట్రిక్ పంపు ఇందులో ఉంది. హైవేలో గట్టిగా తోలి వెంటనే ఆపాల్సి వస్తే ఒక నిమిషం చాలు.

అపోహ: రీమ్యాప్ చేస్తే (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచితే) నష్టం లేదు, కంపెనీ కావాలనే పవర్ తగ్గించింది.

తగ్గించిన మాట నిజమే, కారణం ఇంజిన్ కాదు. 2016 సూపర్బ్‌లో ఇదే 1.8 ఇంజిన్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో 320 ఎన్ఎం ఇస్తుంది. డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో 250 మాత్రమే. అక్కడ వాడిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే డీక్యూ200, తట్టుకునే హద్దు 250 కాబట్టి. సాఫ్ట్‌వేర్‌తో టార్క్ పెంచితే ఇంజిన్ భరిస్తుంది, క్లచ్‌లు భరించవు. అందుకే డీఎస్‌జీ ఆక్టేవియానో సూపర్బో కొనేటప్పుడు రీమ్యాప్ చేశారా అని సూటిగా అడగండి. తర్వాత తిరిగి పాత మ్యాప్ వేసి అమ్మేవాళ్లూ ఉంటారు కాబట్టి ఓనర్ మాట మీదే ఆగకుండా రెండు క్లచ్‌ల అరుగుదల విలువలు స్కానర్‌లో చూపించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.