పైన మచ్చ, లోపల గడ్డ

ఒంట్లో గడ్డ ఉందనగానే అది క్యాన్సరేనని గుండె జారిపోతుంది. హమార్టోమా క్యాన్సర్ కాదు. ఏ అవయవంలో పుట్టిందో అక్కడి కణాలే పొందిక తప్పి, పాళ్లు తప్పి పెరిగిన ముద్ద. 1904లో జర్మన్ వైద్యుడు ఆయిగెన్ ఆల్బ్రెక్ట్ దీనికి ఈ పేరు పెట్టాడు. ఊపిరితిత్తిలో ఒంటరిగా ఉండే హమార్టోమా సాధారణంగా స్టెతస్కోపుకు చిక్కదు, వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. కానీ జన్యులోపం వల్ల ఇవి పలు అవయవాల్లో పెరిగే జబ్బుల్లో చర్మం, నోరు, గోళ్లు కూడా ఆనవాళ్లు చూపిస్తాయి.

ట్యూబరస్ స్క్లెరోసిస్ అలాంటిదే. పాడేరు, అరకు కొండల నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి ఫిట్స్ వచ్చే పసిపిల్లలను విశాఖ కేజీహెచ్‌కు తీసుకొస్తారు. అలాంటి బిడ్డకు బట్టలన్నీ విప్పి, మంచి వెలుతురులో వీపు, పిరుదులు, కాళ్లు చూడాలి. ఒక కొస గుండ్రంగా, మరో కొస మొనదేలి ఉండే పాలిపోయిన మచ్చలు కనిపించవచ్చు. కనీసం 5 మిల్లీమీటర్ల వెడల్పున్నవి మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే అది జబ్బుకు ముఖ్య లక్షణాల్లో ఒకటి. ఇంట్లోవాళ్లు శోభి అనో, బొల్లి అనో భయపడతారు. బొల్లిలో రంగు పూర్తిగా పోతుంది, ఇక్కడ తగ్గుతుందంతే. చామనఛాయ ఒంటి మీద ఇవి తేలిగ్గానే తెలుస్తాయి. మరీ తెల్లని పిల్లలకు చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేసి చూడాలి.

కొన్నేళ్లకు ముక్కుకు ఇరుపక్కలా ఎర్రటి బొడిపెలు వస్తాయి. మొటిమలనుకుని క్రీములు రాస్తారు. ఐదేళ్ల బిడ్డకు మొటిమలేమిటన్న అనుమానం అక్కడే రావాలి. నడుము మీద నారింజ తొక్కలా గరుకుబారిన చర్మం ఉండవచ్చు. యుక్తవయసు నుంచి గోటి మొదట్లో కండ పొడుచుకొస్తుంది. ఒక్కోసారి కండ కనిపించదు, గోరు పొడవునా సన్నటి గాడి మాత్రమే ఉంటుంది. అందుకే తల్లిదండ్రుల గోళ్లు కూడా చూడాలి, వాళ్లలో ఒకరికి జబ్బు ఉండీ తెలియకపోవచ్చు. ఈ గుర్తులు దొరికితే మెదడుకు ఎమ్మారై, గుండెకు ఎకో, కిడ్నీలకు స్కాన్, కంటి పరీక్ష చేయిస్తారు. కిడ్నీలోని గడ్డ పెద్దదైతే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ మచ్చను తేలిగ్గా వదిలేయకూడదంటాను.

పదే పదే కడుపునొప్పితో వచ్చేవారికి నోరు తెరిపించి చూడాలి. పెదవుల మీద, బుగ్గల లోపల నల్లమచ్చలుంటే పేగుల్లో పాలిప్‌లు (హమార్టోమా తరహా బొడిపెలు) ఉండే ప్యూట్జ్-జెగర్స్ జబ్బు కావచ్చు. వయసుతో పెదవుల మచ్చలు వెలిసిపోతాయి, బుగ్గలవి తరచుగా మిగులుతాయి.

కౌడెన్ జబ్బులో ముఖం మీద, చిగుళ్ల మీద చిన్న బొడిపెలు వస్తాయి, తల పెద్దదిగా ఉంటుంది. హమార్టోమాలు క్యాన్సర్ కాకపోయినా వీరికి రొమ్ము, థైరాయిడ్ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. టేపుతో తల చుట్టుకొలత తీసుకున్న డాక్టరు, ఆ వెంటనే మెడ, రొమ్ములు కూడా పరీక్షించాలి.