డిటెక్టివ్ సిరీస్ తొలి ఎపిసోడ్, ప్రేక్షకుల స్పందన: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేర పరిశోధన ధారావాహికలకు స్క్రిప్టు రాయడం నా వృత్తి. కొత్త సిరీస్ తొలి ఎపిసోడ్ ప్రసారమైన మర్నాడు ఛానల్ ఆఫీసుల్లో జరిగే సమావేశాల్లో చాలాసార్లు కూర్చున్నాను. ప్రేక్షకులకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అంటూ అక్కడ వినిపించే మాటల్లో చాలా భాగం ఊహలే. ఆ ఊహలను సరిచూసుకోవడానికి నాకు ప్రతిసారీ పనికొచ్చే ఉదాహరణ ఒకటి ఉంది. అది 2010 జూలై 25, ఆదివారం రాత్రి 9 గంటలకు బీబీసీ వన్‌లో మొదలైన ‘షెర్లాక్’. స్టీవెన్ మోఫట్, మార్క్ గాటిస్ కలిసి రూపొందించిన ఈ సిరీస్ తొలి భాగాన్ని మోఫట్ రాయగా పాల్ మెక్‌గిగన్ దర్శకత్వం వహించాడు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో ప్రచురించిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలను నేటి లండన్‌లోకి తెచ్చిన గంటన్నర కథ అది. హంతకుడు ఎవరో ఈ వ్యాసంలో చెప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివారు చూసిన తరువాతే ముందుకు చదవడం మంచిది.

అపోహ: పాత పాత్రను ఈ కాలానికి తెస్తే మూలకథ అభిమానులు మొదటి రాత్రే తిరగబడతారు.

వాస్తవం: మూలకథ తెలిసినవారికి కాలం మారడం పెద్ద ఇబ్బంది కాదు. 1939, 1946 మధ్య బేసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా నటించిన 14 చిత్రాల్లో చివరి 12 అప్పటి వర్తమానంలోనే, కొన్నిచోట్ల యుద్ధకాలపు గూఢచారుల నడుమనే నడుస్తాయి. వాటిని తరతరాలుగా ఇష్టంగా చూస్తూనే ఉన్నారు. అభిమానికి నొప్పి కలిగేది పేర్లు మాత్రం వాడుకుని కథను పక్కన పడేసినప్పుడు. రాసినవాడు మూలాన్ని అక్షరం అక్షరం చదివాడని అర్థమైతే ఆ అభిమాని అంతగా ఆనందించే ప్రేక్షకుడు మరొకడు ఉండడు. దీన్ని నేను దగ్గర నుంచి చూశాను.

మా మేనమామ ఇంగ్లిష్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రే చదివేసి తిరిగిచ్చిన తరం ఆయనది. హోమ్స్ కథలైతే కంఠస్థం. మా బంధువు ఒకాయన లండన్ నుంచి తెచ్చిన డీవీడీని ఇద్దరం కలిసి చూశాం. గులాబీ రంగు దుస్తుల్లో ఒక స్త్రీ బోర్లా పడి చనిపోయి ఉంటుంది. ఆమె చనిపోతూ చెక్క నేల మీద గోళ్లతో ఆర్, ఏ, సి, హెచ్, ఈ అని ఐదు అక్షరాలు గీకింది. అది జర్మన్ మాట, ప్రతీకారం అని అర్థం, అని ఫోరెన్సిక్ నిపుణుడు ఆండర్సన్ గుమ్మం దగ్గర నిలబడి చెబుతాడు. షెర్లాక్ అతని ముఖం మీదే తలుపు వేసేసి, ఆ చివర ‘ఎల్’ చేరిస్తే వచ్చే ‘రేచల్’ అన్న పేరునే ఆమె రాయబోయిందని తేలుస్తాడు.

మామయ్య చెయ్యెత్తి, “ఒరేయ్, ఆపరా, ఒక్కసారి వెనక్కి తిప్పు” అన్నారు. నవలలో ఇదే మాట గోడ మీద రక్తంతో రాసి ఉంటుందనీ, అక్కడ అది రేచల్ అనే ఆడపేరని అనుకుని పొరబడేది పోలీసు అధికారి లెస్ట్రేడ్ అనీ, జర్మన్ అర్థం చెప్పి అతన్ని సరిదిద్దేది హోమ్స్ అనీ ఆయన అప్పుడు నాకు వివరించారు. నూట ఇరవై మూడేళ్ల కిందటి తప్పు జవాబును ఇక్కడ ఒప్పు జవాబుగా, ఒప్పు జవాబును తప్పుగా తిప్పారు. నవల చదవనివాడికి అది మామూలు ఆధారమే, కథ ఎక్కడా ఆగదు. చదివినవాడికి మాత్రం తన పేరుతో ఉత్తరం వచ్చినంత సంతోషం. మామయ్య ముఖంలో ఆ సాయంత్రం కనిపించింది అదే.

ఇలాంటివి ఆ ఎపిసోడ్‌లో వరసగా ఉన్నాయి. ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ అనే మరో హోమ్స్ నవలలో హోమ్స్ మిత్రుడు వాట్సన్ జేబుగడియారానికి తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న గీతలు చూసి, వాట్సన్ అన్నయ్య తాగుబోతు అని హోమ్స్ చెబుతాడు. ఇక్కడ గడియారం స్థానంలో మొబైల్ ఫోను వచ్చింది. ఛార్జర్ పెట్టే చోట గీతలు ఉన్నాయి, వెనక హ్యారీ అని చెక్కి ఉంది. అది వాట్సన్ అన్నయ్య పేరేనని షెర్లాక్ అంటాడు; మూలం చదివినవాడూ అలాగే అనుకుంటాడు. కానీ హ్యారీ అంటే హ్యారియట్, వాట్సన్ సోదరి. పుస్తకం తెలిసినవాడు డిటెక్టివ్‌తో పాటు ఒకేసారి పొరబడేలా రాయడం ఎంత కష్టమో, ఈ పని చేసేవారికి బాగా తెలుసు. ఇక వాట్సన్ అఫ్ఘానిస్తాన్‌లో గాయపడి తిరిగొచ్చిన సైనిక వైద్యుడన్న సంగతిని మార్చవలసిన అవసరమే రాలేదు. 1880లోనూ, 2010లోనూ బ్రిటిష్ సైన్యం అక్కడ యుద్ధంలోనే ఉంది.

నేను ఒక పాత తెలుగు అపరాధ పరిశోధక కథను ఈ కాలానికి మార్చి రాసినప్పుడు ఇలాంటి జ్ఞాపకాలను ఏడెనిమిది చోట్ల పెట్టాను. పాత పాఠకులు ఇప్పుడు ఎంతమంది ఉన్నారని ప్రశ్నించి ఛానల్‌వాళ్లు వాటన్నిటినీ తీయించారు. తీసేయడానికి ఒప్పుకున్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

అపోహ: హంతకుణ్ని ప్రేక్షకుడు ముందే కనిపెట్టేస్తే ఎపిసోడ్ ఓడిపోయినట్టే.

వాస్తవం: తొలి నవలలో హంతకుడు గుర్రపు బండి తోలేవాడు. అతని దగ్గర రెండు మాత్రలుంటాయి. ఒకటి విషం, ఒకటి మామూలుది. అందువల్ల విషమాత్రలు మింగి చనిపోయినవారి కథ తెర మీద మొదలవగానే, పుస్తకం చదివినవారి చూపు లండన్ నల్ల ట్యాక్సీల మీదకు పోయింది. చదవనివారిలోనూ కొందరు సగంలోనే పట్టుకున్నారు. అయినా వారు టీవీ కట్టేయలేదు. రాత్రి వీధుల్లో పరుగెత్తి ట్యాక్సీని ఆపిన షెర్లాక్, వెనక సీట్లోని ప్రయాణికుణ్ని చూసి, అప్పుడే అమెరికా నుంచి దిగినవాడని గుర్తించి వదిలేస్తాడు. ముందు సీట్లో ఉన్నవాణ్ని మాత్రం చూడడు. నవలలో హంతకుడు అమెరికన్ అని తెలిసినవారికి ఇది రెట్టింపు రుచి. తాను కనిపెట్టినదాన్ని డిటెక్టివ్ ఎప్పుడు కనిపెడతాడా అని ఎదురుచూడడం కూడా ఉత్కంఠే. ప్రేక్షకుడికి నిజంగా కోపం తెప్పించేది ఆధారాన్ని దాచిపెట్టడం. ట్యాక్సీ ఇక్కడ అందరి కళ్లెదుటే ఉంది కాబట్టి, కనిపెట్టలేకపోయినవారికి మోసపోయామన్న భావన కలగలేదు.

అపోహ: వేగంగా నడిచే కథ, తెర మీద తేలే అక్షరాలు పెద్దవయసువారిని దూరం చేస్తాయి.

వాస్తవం: ఫోనును దగ్గరగా చూపించడానికి బదులు, సందేశాన్ని నేరుగా దృశ్యం మీదే అక్షరాలుగా తేల్చారు. విలేకరుల సమావేశంలో పోలీసు అధికారి ఒక మాట చెప్పగానే గదిలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగి, అన్నింటి మీదా ‘తప్పు’ అన్న ఒకే మాట కనిపిస్తుంది. షెర్లాక్ ముఖం మనం ఇంకా చూడనే లేదు, కానీ అతని స్వభావం మొత్తం తెలిసిపోయింది. ప్రేక్షకుడికి వేగం వల్ల ఇబ్బంది రాదు. ఏం జరుగుతోందో, ఎవరి కళ్లతో చూస్తున్నామో తెలియకపోతేనే ఇబ్బంది.

అపోహ: మర్నాడు వచ్చే రేటింగే ప్రేక్షకుల తీర్పు.

వాస్తవం: ఆ రాత్రి లెక్క ప్రకారం తొలి భాగాన్ని చూసినవారు సుమారు 75 లక్షలు. రికార్డు చేసుకుని వారంలోపు చూసినవారిని కలిపితే ఆ సంఖ్య 92 లక్షల 30 వేలకు చేరింది. అంటే పదిహేడు లక్షల మంది స్పందన మర్నాటి కాగితంలో లేదు. రెండో భాగానికి 80 లక్షల 70 వేలకు తగ్గి, మూడో భాగానికి మళ్లీ 91 లక్షల 80 వేలకు ఎక్కింది. ఎంతమంది చూశారన్నది ఒక సంగతి, చూసినవారికి ఎంత నచ్చిందన్నది వేరొక సంగతి. బ్రిటన్‌లో ఈ రెండోదానికి విడిగా కొలత ఉంది: కొంతమంది ప్రేక్షకులు పదికి ఇన్ని అని మార్కులు వేస్తే, వాటి సగటును వందకు మారుస్తారు. ‘షెర్లాక్’ తొలి భాగానికి అందులో 87 వచ్చింది. మన దగ్గర కొత్త సిరీస్ భవిష్యత్తును ఒక్క వారపు మొదటి అంకెతోనే నిర్ణయించడం చూసినప్పుడల్లా నాకు ఈ రెండో కొలతే గుర్తుకొస్తుంది.

అపోహ: పైలట్‌ను, అంటే ముందుగా తీసి చూసుకునే నమూనా భాగాన్ని, పక్కన పెట్టారంటే ఆ సిరీస్‌లో సరుకు లేదనే అర్థం.

వాస్తవం: ‘షెర్లాక్’కు ముందుగా సుమారు గంట నిడివి గల పైలట్ తీశారు, కానీ ప్రసారం చేయలేదు. దాంతో ఇది మునిగిపోయే పడవ అని పత్రికల్లో పుకార్లు వచ్చాయి. బీబీసీ మాత్రం గంటన్నర చొప్పున మూడు భాగాలు కోరడంతో కథను మళ్లీ మొదటి నుంచి తీశారు. ఆ పైలట్‌ను తరువాత డీవీడీలో ఉంచారు. అందులో తేలే అక్షరాలు లేవు, షెర్లాక్ అన్నయ్య మైక్రాఫ్ట్ లేడు, ఆఖరి ఘట్టం షెర్లాక్ ఉండే బేకర్ స్ట్రీట్ ఇంట్లోనే జరుగుతుంది. కొత్తగా రాసేవారికి నేను ముందు పైలట్‌ను, ఆ తరువాత ప్రసారమైన భాగాన్ని చూపిస్తాను.

అపోహ: తొలి ఎపిసోడ్ ముగిసేసరికి ప్రతి ప్రశ్నకూ జవాబు దొరకాలి.

వాస్తవం: హత్యలు చేసింది ఎవరో, ఎలాగో, ఎందుకో ఈ భాగం స్పష్టంగానే చెబుతుంది. అది బాకీ పెట్టకూడని జవాబు. కానీ ట్యాక్సీ డ్రైవరు ముందుంచిన రెండు సీసాల్లో షెర్లాక్ ఎంచుకున్న మాత్ర మంచిదో, విషమో చెప్పదు. షెర్లాక్ దాన్ని నోటి దగ్గరకు తీసుకెళుతుండగా ఎదుటి భవనం నుంచి వాట్సన్ తుపాకీ పేలుతుంది. నేను ఎంచుకున్నది సరైనదేనా అని నేల మీద పడి ఉన్న డ్రైవర్ని షెర్లాక్ పట్టుబట్టి అడుగుతాడు, అతని నోటి నుంచి వచ్చేది మాత్రం హోమ్స్ కథల్లోని ప్రతినాయకుడు మోరియార్టీ పేరు. మేము డీవీడీ చూసిన మర్నాడు పొద్దున్నే, నేనింకా కాఫీ అయినా తాగకముందే, మామయ్య దగ్గర నుంచి ఫోనొచ్చింది. “రాత్రంతా ఆలోచించానురా. వాడు తీసుకున్నది విషమే. కావాలంటే ఇంకోసారి పెట్టు, ఆ డ్రైవరు కళ్లు చూద్దాం” అన్నారు.