పట్టిన చేపను మళ్ళీ వదలొచ్చా? బివా సరస్సు తగవు వెనుక కథ

జపాన్‌లో అన్నిటికన్నా పెద్దదైన బివా సరస్సు ఒడ్డున అక్కడక్కడా కొన్ని పెట్టెలు కనిపిస్తాయి. సరదాకి గాలం వేసేవాళ్ళు తమకు పడిన బ్లాక్ బాస్, బ్లూగిల్ చేపల్ని మళ్ళీ నీళ్ళలో వదలకుండా వాటిలో వేయాలి. 2003 ఏప్రిల్ నుంచి, ఈ సరస్సు ఉన్న షిగా రాష్ట్రంలో ఇదే నియమం. తప్పితే శిక్ష లేదు. అయినా దీని మీద జరిగినంత గొడవ జపాన్ గాలగాళ్ళ లోకంలో అరుదు.

ఈ రెండు చేపలూ అమెరికావే. 1925లో అకాబోషి టెట్సుమా అనే వ్యాపారవేత్త బాస్‌ను తెప్పించి, హకోనే కొండల్లోని అషి సరస్సులో వదిలారు. తినడానికి బావుంటుంది, గాలానికి పడితే గట్టిగా పెనుగులాడుతుంది అని ఆయన ఆశ. చాలా ఏళ్ళు అది కొద్ది చోట్లకే పరిమితమైంది. 1970లలో ప్లాస్టిక్, లోహపు ఎరలతో చేపలు పట్టడం కుర్రకారుకు పెద్ద క్రేజ్ అయ్యాక, బాస్ కూడా సరస్సు నుంచి సరస్సుకు చేరింది. 1974లో బివాలో కనబడింది.

బ్లూగిల్ కథ వేరు. 1960లో అమెరికా వెళ్ళిన యువరాజు అకిహితోకు షికాగో మేయర్ ఈ చేపల్ని కానుకగా ఇచ్చారు. స్వయంగా చేపల మీద పరిశోధన చేసే ఆయన, జనానికి ఆహారమవుతుందన్న ఆశతో వాటిని మత్స్యశాఖకు అప్పగించారు. 2007లో చక్రవర్తి హోదాలో బివా ఒడ్డుకే వచ్చి, ఆ చేపలు ఇలా వ్యాపించినందుకు మనసు బాధపడుతోందని అందరి ముందూ చెప్పారు. అంత పెద్దస్థానంలో ఉన్న మనిషి అలా ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

సరస్సుకు జరిగిన నష్టం చిన్నది కాదు. బివాలో మాత్రమే పుట్టి పెరిగే నిగోరోబునా అనే చేపను ఉప్పులో ఊరవేసి, తర్వాత అన్నంలో నెలల తరబడి మాగబెట్టి ఫునాజుషి చేస్తారు. మనకు ఆవకాయ ఎలాగో అక్కడివాళ్ళకు అది అలాగ. ఒడ్డున రెల్లు తరిగిపోవడం ఒక దెబ్బ అయితే, గుడ్లనూ పిల్లలనూ ఈ కొత్త చేపలు తినేయడం ఇంకో దెబ్బ. జాలర్ల వలల్లో సొంత చేపలు తగ్గిపోయాయి.

మరి గాలగాళ్ళ బాధో? పట్టిన చేపను ప్రాణంతో వదలడమే మర్యాద అని వాళ్ళు నేర్చుకున్నారు. అలాంటి మనిషితో చంపి పెట్టెలో వెయ్యమనడం మామూలు మాట కాదు. కొందరు కోర్టుకెక్కి 2005లో ఓడిపోయారు. అదే ఏడాది జూన్‌లో వచ్చిన జాతీయ చట్టం బాస్‌ను పెంచడాన్నీ, బతికుండగా తరలించడాన్నీ నిషేధించింది. పట్టడాన్ని మాత్రం ఆపలేదు. బాస్ పట్టే హక్కులు జాలర్ల సంఘాలకు ఉన్న అషి, కవాగుచి లాంటి నాలుగు సరస్సులకు మినహాయింపు దొరికింది.

2009 జులైలో కురితా మనాబు అనే జపాన్ గాలగాడు 10.12 కిలోల బాస్‌ను పట్టి, 1932 నుంచి అమెరికా పేరున ఉన్న ప్రపంచ రికార్డును సమం చేశారు. అది దొరికింది బివాలోనే. ఎర, బతికున్న బ్లూగిల్.