మల్టీకాస్ట్‌లో పంపినవాడి అడ్రస్: అపోహలు - వాస్తవాలు

"ప్యాకెట్లు వస్తున్నాయి, కానీ పంపినవాడి ఐపీ తప్పు చూపిస్తోంది." మల్టీకాస్ట్ (ఒకసారి పంపితే గ్రూప్‌లో చేరినవాళ్లందరికీ అందే పద్ధతి) కోడ్ కొత్తగా పట్టుకున్నవాళ్ల దగ్గర తరచూ వినే మాట ఇది. ఆ వెంటనే పక్క సీట్ల నుంచి సలహాలు: ఫైర్‌వాల్ ఆపెయ్, స్విచ్ మార్చు, కెర్నల్‌లో బగ్ ఉందట. ఆ "ఉందట" గాళ్లలో బగ్ చూపించినవాడు ఇంతవరకూ లేడు.

అపోహ: ఏ ఇంటర్‌ఫేస్ (కేబుల్, వైఫై లాంటి నెట్‌వర్క్ దారి) మీద గ్రూప్‌లో జాయిన్ అయితే, మనం పంపేవి కూడా దాని అడ్రస్‌తోనే వెళ్తాయి.

వాస్తవం: వెళ్లవు. జనం రోజులకు రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. గ్రూప్‌లో చేర్చే సాకెట్ ఆప్షన్ ఐపీ_యాడ్_మెంబర్‌షిప్ అందుకోవడానికి మాత్రమే. పంపడానికి అసలు జాయిన్ అవ్వక్కర్లేదు. పంపే దారిని ఐపీ_మల్టీకాస్ట్_ఐఎఫ్ అనే ఆప్షన్‌తో విడిగా చెప్పాలి. చెప్పకపోతే లినక్స్ రూటింగ్ టేబుల్ చూసుకుని, సాధారణంగా డిఫాల్ట్ రూట్ ఉన్న వైపు తోసేస్తుంది. సోర్స్ అడ్రస్ కూడా ఆ ఇంటర్‌ఫేస్‌దే పడుతుంది.

మా టీమ్ కుర్రాడొకడి ల్యాప్‌టాప్‌కి కేబుల్ మీద 192.168.10.5, వైఫై మీద 192.168.1.23. రిసీవర్ 10.5 నుంచి వచ్చినవే తీసుకోవాలని రాశాడు. అది వచ్చినవన్నీ పారేస్తోంది. మర్నాడు డెమో. "అన్నా, ఎవడో మన గ్రూప్‌లోకి దూరాడు, స్పూఫింగ్ (దొంగ అడ్రస్‌తో పంపడం) ఏమో" అన్నాడు, మొహం పాలిపోయి. పాపం, ఆ దూరినవాడు అతని వైఫైయే! మా గ్రూప్ అడ్రస్‌కి ఏ దారిన వెళ్తుందో చూద్దామని పంపే మెషీన్‌లో "ఐపీ రూట్ గెట్ 239.1.1.1" కొట్టించాను. సోర్స్ 192.168.1.23 అని తెర మీదే ఉంది.

పంపే వైపు ఐపీ_మల్టీకాస్ట్_ఐఎఫ్‌లో కేబుల్ ఐపీ పెట్టాడు. అంతే, వచ్చే ప్యాకెట్లు కూడా ఆగిపోయాయి, టెన్షన్ రెట్టింపైంది. అది నిజానికి మంచి లక్షణం, పంపేవి ఇప్పుడు కేబుల్ మీద వెళ్తున్నాయన్నమాట. రిసీవర్ ఇన్‌అడ్ర్_ఎనీతో (ఇంటర్‌ఫేస్ చెప్పకుండా) జాయిన్ అయి, తానూ వైఫై మీదే కూర్చుంది. అక్కడా కేబుల్ ఐపీ ఇచ్చాక దారిలో పడింది. రెండు చివర్లా ఇంటర్‌ఫేస్ పేరుపెట్టి చెప్పండి, నిద్రపోండి.

మిగతావి గబగబా.

అపోహ: రిసీవ్‌ఫ్రమ్ (ప్యాకెట్‌తో పాటు పంపినవాడి అడ్రస్ ఇచ్చే ఫంక్షన్) గ్రూప్ అడ్రస్ ఇవ్వాలి.
వాస్తవం: ఇవ్వదు. 224 నుంచి 239 వరకు అంకెలతో మొదలయ్యే అడ్రస్‌లు గమ్యాలే, సోర్స్ కాలేవు. ఏ గ్రూప్‌కి వచ్చిందో కావాలంటే ఐపీ_పీకేటీఇన్ఫో ఆప్షన్ పెట్టి రిసీవ్‌మెసేజ్ వాడాలి.

అపోహ: టీసీపీడంప్‌లో (ఇంటర్‌ఫేస్‌కి వచ్చే ప్యాకెట్లు చూపించే టూల్) కనిపిస్తే ప్రోగ్రామ్‌కి అందినట్టే.
వాస్తవం: కాదు. ఆ సోర్స్‌కి తిరుగుదారి వేరే ఇంటర్‌ఫేస్‌లో ఉంటే, స్ట్రిక్ట్‌గా పెట్టిన ఆర్‌పీ_ఫిల్టర్ (తిరుగుదారి సరిచూసే కెర్నల్ సెట్టింగ్) నోరెత్తకుండా పడేస్తుంది.

అపోహ: 5000 పోర్ట్ 34835 అయితే ఎవరో మధ్యలో మార్చారు.
వాస్తవం: ఎన్‌టోహెచ్ఎస్ (నెట్‌వర్క్ బైట్ల వరుసను మన మెషీన్ వరుసకి మార్చే ఫంక్షన్) మరిచారు. బైట్లు తిరగబడ్డాయి.

అపోహ: ఒకే ప్రింట్‌ఎఫ్‌లో పంపినవాడూ, గ్రూపూ ఒకే అడ్రస్‌గా వస్తే ప్యాకెట్ పాడైనట్టే.
వాస్తవం: అడ్రస్‌ని అక్షరాల్లోకి మార్చే ఐనెట్_ఎన్‌టోఏకి ఉన్నది ఒకటే స్టాటిక్ బఫర్. రెండుసార్లు పిలిస్తే మొదటిది చెరిగిపోతుంది. ఐనెట్_ఎన్‌టాప్‌కి మారండి.