దావీదు, దావూద్, ఒక పాత ప్రశ్న

తెనాలి,
ఆదివారం ఉదయం.

చిన్నాకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో ఒక రాత్రి డాబా మీద పడుకుని బుజ్జి నన్నొక మాట అడిగింది, గుర్తుందా? "మా క్లాసులో డేవిడ్ ఉన్నాడు, దావూద్ ఉన్నాడు. రెండూ ఒకటే పేరని టీచర్ చెప్పారు. ఒకడు చర్చికి వెళ్తాడు, ఒకడు మసీదుకి వెళ్తాడు. ఒకటే పేరు ఎలా అవుతుంది అమ్మమ్మా?" అని. నేను చెప్పడం మొదలుపెట్టి సగానికి వచ్చేసరికి మీరిద్దరూ నిద్రపోయారు. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పిల్లలకు జవాబు బాకీ పడడం నాకు నచ్చదు. అందుకే ఈ ఉత్తరం.

నేను బళ్లో ముప్పై ఏళ్లకు పైగా హాజరు పిలిచాను. దావీదు, సొలొమోను, యోసేపు, మోషే అని పిలిచేదాన్ని. అదే పట్టీలో ఇంకాస్త కింద దావూద్, సులేమాన్, యూసుఫ్, మూసా ఉండేవాళ్లు. దావీదే దావూద్, సొలొమోనే సులేమాన్, యోసేపే యూసుఫ్, మోషేనే మూసా. ఈ పేర్లన్నీ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. ఆ ఇల్లు క్రైస్తవం కంటే పాతది, ఇస్లాం కంటే ఇంకా పాతది. అది యూదుల ఇల్లు, వాళ్ల భాష హీబ్రూ.

మ్యాపు తీసి చూడండి. మధ్యధరా సముద్రానికీ యొర్దాను నదికీ నడుమ సన్నటి నేల ఒకటి కనిపిస్తుంది. మన రెండు మూడు జిల్లాలంత ఉంటుంది. కిందికి వెళ్తే ఈజిప్టు, పైకి వెళ్లి కుడిపక్కకి తిరిగితే అసిరియా, బాబిలోన్. ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయంటారే, అలాంటి చోటు అది. పెద్ద రాజులు ఒకరి మీదికి ఒకరు దండెత్తాలంటే ఈ నేల మీదుగానే పోవాలి. క్రీ.పూ. 1208 ప్రాంతంలో ఈజిప్టు రాజు మెర్నెప్తా తన విజయాలను ఒక రాతి మీద చెక్కించాడు. ఇశ్రాయేలు, అంటే ఈ యూదుల పూర్వీకులు, నాశనమైపోయింది, దాని విత్తనం కూడా మిగల్లేదు అని అందులో ఉంది. వాళ్ల సొంత గ్రంథాలను పక్కన పెడితే, ఇశ్రాయేలు అన్న పేరు కచ్చితంగా కనిపించే అతి పాత రాత ఇదే. వాళ్లు అయిపోయారన్న వార్తతోనే వాళ్ల పేరు చరిత్రలోకి వచ్చింది. అది చెక్కి మూడు వేల రెండొందల ఏళ్లయింది.

వాళ్ల గ్రంథం చెప్పే కథ అబ్రాహాముతో మొదలవుతుంది. అతని సంతానం ఈజిప్టులో బానిసలై ఇటుకలు చేసి చేసి అలసిపోతే, మోషే వాళ్లను బయటికి నడిపించి, సీనాయి కొండ దగ్గర దేవుడి ఆజ్ఞలు తెచ్చి ఇచ్చాడు. ఈజిప్టు నుంచి బయటపడిన ఈ ప్రయాణానికి తవ్వకాల్లో నేరుగా సాక్ష్యం దొరకలేదు. అయినా ఆ జాతి తనను తాను గుర్తుపట్టుకునేది ఈ కథతోనే. "మనం ఒకప్పుడు బానిసలం" అని ఏటా గుర్తు చేసుకుంటారు. ఎక్కువమంది తమ పెద్దలు రాజులని చెప్పుకుంటారు. తమ పెద్దలు బానిసలని గర్వంగా చెప్పుకునే జాతి నాకు ఎంతో ఇష్టం.

వాళ్ల నమ్మకం గురించి చెప్పాలంటే, దేవుడు ఒక్కడే, ఆయనకు బొమ్మ చేయకూడదు. చుట్టుపక్కల వాళ్లందరికీ సూర్యుడికో దేవుడు, వానకో దేవుడు ఉన్న కాలం అది. మన ఇంట్లో దేవుడికి అలంకారం చేసి కళ్లారా చూసుకోవడం భక్తి. వాళ్లకు రూపం ఇవ్వకపోవడమే భక్తి. ఇది ఒక్క రోజులో కుదిరింది కాదు. వాళ్లలోనూ చాలామంది వేరే దేవుళ్లను కొలిచేవాళ్లు, ప్రవక్తలు కోప్పడుతూనే ఉండేవాళ్లు. ఆ ఒక్క దేవుడికీ తమకూ మధ్య ఒక ఒప్పందం ఉందని వాళ్లు నమ్మారు. దాన్ని తెలుగు బైబిల్లో నిబంధన అంటారు. నిబంధన అంటే పూజ ఒక్కటే కాదు. పొలం కోసేటప్పుడు అంచుల దాకా ఊడ్చినట్టు కోయకూడదు, రాలిన కంకులు ఏరుకోకూడదు. ఆ పరిగె బీదవాళ్లకూ పరదేశులకూ వదిలేయాలి. చిన్నా, పరిగె అన్న మాట నువ్వు విని ఉండవు. మా చిన్నతనంలో వరి కోతలయ్యాక ఆడవాళ్లు, పిల్లలు చేలో మిగిలిన కంకులు ఏరుకునేవాళ్లు, దాన్నే పరిగె ఏరుకోవడం అంటారు. వాళ్ల ధర్మశాస్త్రంలో అది జాలి కాదు, బీదవాడి హక్కు.

ఆ గ్రంథంలో చదవడానికి కష్టమైన పేజీలూ ఉన్నాయి. యుద్ధాలు, ఊళ్లకు ఊళ్లు చంపమన్న ఆజ్ఞలు ఉన్నాయి. పెద్దయ్యాక చదివినప్పుడు వాటిని దాటేయకుండా, మనసు నొచ్చుకుంటూనే చదవండి.

ఇక దావీదు. క్రీ.పూ. పదో శతాబ్దంలో యెరూషలేమును రాజధాని చేసుకున్న రాజు. 1993లో ఇజ్రాయెల్ ఉత్తరాన తేల్ దాన్ అనే చోట ఒక రాతి ముక్క దొరికింది. శత్రురాజు వేయించిన ఆ శాసనంలో "దావీదు ఇల్లు" అన్న మాట ఉంది. అంటే ఆ వంశం పేరు పొరుగు రాజులకు తెలుసన్నమాట. గ్రంథం దావీదును పొగిడినంతగానూ నిలదీసింది. అతను తన సైనికుడి భార్యను తీసుకుని, ఆ సైనికుణ్ణి యుద్ధంలో చచ్చిపోయేలా చేశాడు. అప్పుడు నాతాను అనే ప్రవక్త వచ్చి రాజుకొక కథ చెప్పాడు. ఒక ధనవంతుడికి మందలు మందలు గొర్రెలున్నాయి. అదే ఊళ్లో ఒక బీదవాడికి ఒక్కటే గొర్రెపిల్ల, దాన్ని కూతురిలా పెంచుకున్నాడు. ఇంటికి చుట్టం వస్తే ధనవంతుడు తన మందను ముట్టుకోకుండా బీదవాడి పిల్లను కోసి వండించాడు. దావీదు మండిపడి "ఎవడు వాడు? వాడికి చావే తగిన శిక్ష" అన్నాడు. "ఆ మనిషివి నువ్వే" అన్నాడు నాతాను. రాజు తల వంచుకున్నాడు. పక్కనే ఈజిప్టులో రాజంటే దేవుడు. ఇక్కడ రాజు కూడా ధర్మానికి లోబడాల్సిందే.

దావీదు కొడుకు సొలొమోను మొదటి దేవాలయం కట్టించాడు. అతని ఓడలు మూడేళ్లకొకసారి బంగారం, వెండి, దంతం, కోతులు, నెమళ్లు తెచ్చేవని రాసి ఉంది. అక్కడ నెమళ్లకు వాడిన హీబ్రూ మాట "తుక్కియ్యిమ్". అది తమిళ "తోకై" నుంచి వెళ్లిందని చాలామంది పండితుల మాట. మన "తోక" దానికి తోబుట్టువే. సొలొమోను కథలో మన నెమలి తోక ఉందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో!

తర్వాత రాజ్యం రెండుగా చీలింది. క్రీ.పూ. 722లో ఉత్తరాది రాజ్యం అసిరియా చేతిలో పోయింది. క్రీ.పూ. 701లో దక్షిణాన ఉన్న యెరూషలేము మీదికీ వాళ్లే వచ్చారు. హిజ్కియా రాజును పంజరంలో పిట్టలా మూసేశానని అసిరియా రాజు రాయించుకున్నాడు గానీ ఊరు మాత్రం అతనికి దక్కలేదు. దానికొక కారణం నీళ్లు. ఊటబావి గోడ బయట ఉండేది. అందుకని కొండ లోపల సొరంగం తొలిచి ఆ నీళ్లను గోడ లోపలి కోనేటికి తెచ్చుకున్నారు. దాని పొడవు 533 మీటర్లు, వంకరలు తిరిగి ఉంటుంది. ఇటునుంచి కొందరు, అటునుంచి కొందరు తొలుచుకుంటూ వచ్చారు.

1880లో అక్కడ నీళ్లలో ఆడుకుంటున్న ఒక కుర్రాడు గోడ మీద అక్షరాలు చూశాడు. ఆరు వరుసల శాసనం అది. ఇంకా మూడు మూరలు తొలవాల్సి ఉండగా, అవతలి వాళ్లు పిలుస్తున్న గొంతు ఇవతలి వాళ్లకు వినిపించిందట. అప్పుడు గునపానికి ఎదురుగా గునపం పెట్టి కొట్టారు, నీళ్లు పన్నెండు వందల మూరల దూరం పారాయి అని ఉంది. మూర అంటే మనం పూలు కొలిచే మూరే, మోచేతి నుంచి వేలి చివరిదాకా. ఆ శాసనంలో రాజు పేరు లేదు. రాతి గోడకు చెవి ఆనించి అవతలి మనిషి గొంతు విన్న ఆ కూలివాణ్ణి నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఆ రాయి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

క్రీ.పూ. 586లో అంత కష్టపడి కాపాడుకున్న ఊరు బాబిలోన్ రాజు నెబుకద్నెజరు చేతిలో కాలిపోయింది. దేవాలయం బూడిదైంది. చాలామందిని బాబిలోనుకు పట్టుకుపోయారు. ఆ రోజుల్లో ఒక జాతి ఓడిపోతే వాళ్ల దేవుడూ ఓడిపోయినట్టే అనుకునేవాళ్లు. అక్కడితో యూదుల కథ అయిపోవాలి. అప్పుడు యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి వాళ్లకొక ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు వేసి వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోరండి అన్నాడు. శత్రువుల ఊరి క్షేమం! వాళ్లు నిజంగానే అలా బతికారనడానికి బాబిలోన్ మట్టిపలకలు దొరికాయి. "యూదా పట్టణం" అనే ఊళ్లో వాళ్లు సాగు చేసుకోవడం, పన్నులు కట్టడం అన్నీ వాటిలో ఉన్నాయి. గుడి లేదు, రాజు లేడు, నేల లేదు. ఇక వాళ్ల దగ్గర మిగిలింది మాట, వారానికొక విశ్రాంతి రోజు. పాత కథలనూ చట్టాలనూ కూర్చి భద్రం చేసుకునే పని ఆ కాలంలోనే గట్టిగా సాగింది.

క్రీ.పూ. 539లో పర్షియా రాజు కోరెషు బాబిలోనును గెలిచి వాళ్లను తిరిగి వెళ్లనిచ్చాడు. రెండో దేవాలయం లేచింది. గ్రీకులు వచ్చారు, రోమన్లు వచ్చారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ గుడినీ తగలబెట్టారు. అక్కడి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు మోసుకుపోతున్న బొమ్మ రోములో టైటస్ తోరణం మీద ఇప్పటికీ చూడవచ్చు. ముట్టడిలో ఉన్న ఊరి నుంచి యోహానాన్ బెన్ జక్కై అనే గురువును శిష్యులు శవపేటికలో పెట్టి బయటికి తెచ్చారని యూదుల సంప్రదాయం చెబుతుంది. రోమన్ సేనాపతి ఏం కావాలో కోరుకొమ్మంటే, యవ్నె అనే చిన్న ఊరినీ అక్కడి పండితులనూ వదిలేయమన్నాడట. అక్కడే బడి పెట్టాడు. గుడి పోయిన చోట బడి నిలబడింది. గురువులు వాదించుకునేవాళ్లు, ఓడిన వాదన కూడా రాసిపెట్టేవాళ్లు. ఆ రాతల నుంచే క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా, తర్వాత తల్మూద్ అనే గ్రంథాలు వచ్చాయి.

వాళ్ల మూలగ్రంథం తోరా, అంటే మోషే పేరు మీద ఉన్న అయిదు కాండాలు. ప్రార్థనలో చదివే తోరా చుట్టను ఇప్పటికీ తోలు మీద చేత్తోనే రాస్తారు. 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం తప్పినా సరిచేసేదాకా దాన్ని ప్రార్థనలో చదవరు. చదివేటప్పుడు వేలు తగలకుండా చిన్న వెండి పుల్లతో వరుస చూపిస్తారు. 1947లో మృత సముద్రం పక్క గుహల్లో గొర్రెల కాపరులకు పాత చుట్టలు దొరికాయి. వాటిలో ఏడు మీటర్లకు పైగా ఉన్న యెషయా గ్రంథం ఇంచుమించు 2,100 ఏళ్ల నాటిది. వెయ్యేళ్ల తర్వాతి ప్రతులతో పోల్చి చూస్తే తేడాలు ఉన్నాయి గానీ గ్రంథం అదే.

అన్నిటికంటే నాకు నచ్చింది పస్కా పండుగ రాత్రి. ఈజిప్టు నుంచి బయటపడిన రోజు గుర్తుగా, పులియని రొట్టె, చేదు ఆకులు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. పండుగ కథ పెద్దలు తమంతట తాము మొదలుపెట్టరు. ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల అడగాలి, "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా లేదేం?" అని. అప్పుడు తండ్రి చెప్పాలి. పిల్లకు అడగడం రాకపోతే అడగడం నేర్పాలి. రెండో శతాబ్దంలో అకీవా అనే గురువు, పిల్లలు నిద్రపోకుండా ప్రశ్నలు అడగాలని ఆ రాత్రి వాళ్లకు వేయించిన గింజలు, పప్పులు పంచిపెట్టేవాడట.

ఇక బుజ్జి ప్రశ్న. యేసు యూదుడు. ఆయన చదువుకున్నది ఆ గ్రంథమే, శిష్యులతో చివరిసారి తిన్నది పస్కా భోజనమని సువార్తలు చెబుతాయి. క్రైస్తవుల బైబిల్లో పాత నిబంధన అంటే యూదుల గ్రంథమే. ఇస్లాం కూడా ఇబ్రహీమునూ మూసానూ దావూదునూ ప్రవక్తలుగా గౌరవిస్తుంది. ఖురానులో అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రవక్త పేరు మూసాదే. అలా ఒకే హీబ్రూ పేరు ఇంగ్లీషు నోట్లో డేవిడ్, అరబ్బీ నోట్లో దావూద్ అయి మీ క్లాసుకు వచ్చింది. మన వీధి చివర చర్చిలో వినిపించే "ఆమెన్", "హల్లెలూయ" రెండూ హీబ్రూ మాటలే. హల్లెలూయ అంటే యెహోవాను, అంటే వాళ్ల దేవుణ్ణి, స్తుతించండి అని.

నేను ఈ ఉత్తరం రాస్తున్న ఆదివారం సెలవు వెనకా వాళ్లే ఉన్నారు. ఏడో రోజు నువ్వే కాదు, నీ దాసుడూ దాసీ ఎద్దూ కూడా పని చేయకూడదన్నది వాళ్ల సబ్బాతు ఆజ్ఞ. వాళ్లకది శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా. క్రైస్తవులు ఆదివారానికి మార్చుకున్నారు, తెల్లవాళ్లతో అది మన దేశానికి వచ్చింది. బొంబాయి మిల్లు కూలీలకు మాత్రం నారాయణ్ మేఘాజీ లోఖండే లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1890లో గానీ దక్కలేదు.

ఇంత ఇచ్చిన వాళ్లను లోకం బాగా చూసుకోలేదు. ఊరి నుంచి ఊరికి తరిమారు. గత శతాబ్దంలో హిట్లర్ మనుషులు 60 లక్షల మంది యూదులను చంపారు. అది మీకు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాల్సిన సంగతి.

మనకు దగ్గర్లో, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయీము అంటారు, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము గోత్రం వాళ్లమని వాళ్ల నమ్మకం. వాళ్లకు సొంత ప్రార్థన మందిరం ఉంది. ముందుగా అడిగి, వాళ్లు రమ్మంటే, దసరా సెలవుల్లో మిమ్మల్ని తీసుకెళ్తాను.

వచ్చేటప్పుడు ఇద్దరూ చెరో మూడు ప్రశ్నలు రాసుకుని తీసుకురండి. రాత్రికి డాబా మీద చాపలు వేయిస్తాను. ఈసారి మీరు నిద్రపోకుండా వేరుశనక్కాయలు వేయించి పక్కన పెట్టుకుంటాను.

మీ
అమ్మమ్మ