గల్లా నిండితే లాభమేనా? కొట్టు పెట్టాలనుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

"మా వీధి చివర కర్రీ పాయింట్ ఉంది సార్, సాయంత్రమైతే నిలబడటానికి చోటుండదు, రోజుకు ఆరు వేలు ఎటూ పోదు. మేమూ ఒకటి పెడదామనుకుంటున్నాం." గుంటూరులో పద్నాలుగేళ్లుగా చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తూ, బ్యాంకు లోన్లకు ప్రాజెక్ట్ రిపోర్టులు తయారు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేది ఇదే, కర్రీ పాయింట్ బదులు బట్టల షాపు అంటారు, టీ కొట్టు అంటారు, మాట మాత్రం ఇదే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందిని ముంచింది కూడా ఇదే. పక్కవాడి గల్లా చూసి అది వాడి సంపాదన అనుకోవడం.

పోయిన శ్రావణంలో ఒక జంట వచ్చారు. ఆయనకు ప్రైవేటు ఉద్యోగం, జీతం 18,000. మానేద్దామనుకుంటున్నారు. కర్రీ పాయింట్‌కు షాపు చూసుకున్నారు, మర్నాడు 60,000 అడ్వాన్స్ ఇవ్వాలి, ముద్రా (చిన్న వ్యాపారాలకు లోన్లిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) కింద రెండున్నర లక్షల లోన్‌కు రిపోర్టు రాసిపెట్టమన్నారు. రిపోర్టు తర్వాత, ముందు ఈ కాగితం మీద మీరే రాయండి అని పెన్ను ఆవిడ చేతికిచ్చాను.

రోజుకు అమ్మకం 6,000 అనే వేసుకున్నాం. కూరగాయలు, నూనె, పప్పులు, చికెన్ కలిపి 3,300. గ్యాస్ 350. వంటకు సాయం ఒకరు, గిన్నెలకు ఒకరు, ఇద్దరికీ 1,100. అద్దె నెలకు 12,000, కానీ కొట్టు తీసేది 26 రోజులే, అంటే రోజుకు 460. కరెంటు 100, ప్యాకింగ్ కవర్లు 200. రాత్రి మిగిలిపోయి పారబోసే కూర 300, ఇది ఎవరూ రాయరు, నేనే రాయించాను. మొత్తం 5,810. చేతిలో మిగిలింది 190. నెలకు 4,940. ఐదేళ్లకు పెట్టుకుంటే లోన్ వాయిదానే దాదాపు 5,400.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను ఆ 190 మీద పెట్టి, "మరి తెల్లారుజామున అయిదింటికి లేచే మా ఇద్దరి కూలీ ఇందులో ఎక్కడుంది సార్?" అని అడిగింది.

ఎక్కడా లేదు. సొంత కష్టానికి కూలీ వేసుకోరు, సొంత గదైతే అద్దె వేసుకోరు, ఇంటికి తీసుకెళ్లిన సరుకు రాసుకోరు. మా నాన్న కిరాణా కొట్టు అలాగే నడిచింది. గది మాదే. ఇంట్లోకి పంచదార, నూనె, సబ్బులు కొట్లోంచే వచ్చేవి, పద్దు ఉండేది కాదు. అరువు ఖాతా పుస్తకాలు మాత్రం అటక మీద పేర్చి ఉండేవి. ఇరవై రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నిలబడ్డాడు. కొట్టు మూసేశాక నేను కూర్చుని లెక్క కట్టాను. ఆ గది అద్దెకిచ్చి ఇంకో కొట్లో గుమాస్తాగా చేరి ఉంటే ఇంతకంటే ఎక్కువే మిగిలేది. ఆ మాట ఆయనకు చెప్పలేదు. కానీ ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ఎవరికీ చెప్పకుండా వదల్లేదు.

కాబట్టి పక్క కొట్టు ఎదురుగా నిలబడి చూడాలనుకుంటే ఒక్క శనివారం చూసి రావద్దు. సోమవారం చూడండి, వాన పడ్డ రోజు చూడండి, నాన్‌వెజ్ అయితే కార్తీక మాసంలో చూడండి. అక్కడి ఖర్చు ఎంతో తెలియకుండా అమ్మకం ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఇంకో మాట, లోన్ డబ్బంతా ఇంటీరియర్‌కీ మెషీన్లకీ పెట్టి సరుకు కొనడానికి మళ్లీ చేబదుళ్లకు వెళ్తున్నారు. వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకుకూ రోజువారీ ఖర్చులకూ కావాల్సిన డబ్బు కాకుండా ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా లేకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను, వాట్సాప్‌లో తిరిగేవాటికి రోజూ జవాబు చెప్పి విసుగొచ్చింది. ముద్రాలో సబ్సిడీ లేదు, అది తిరిగి కట్టాల్సిన అప్పు. సబ్సిడీ ఉన్నది పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకంలో, అదీ మీ చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్‌లో సర్దుబాటవుతుంది, ఆలోపు యూనిట్ మూతపడితే ఆశ వదులుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం) ఉచితం, దానికి రెండు వేలు అడిగేవాడికి రూపాయి ఇవ్వొద్దు. మొదటి రోజు నుంచే జీఎస్టీ కావాలన్నది కూడా అందరికీ వర్తించదు: రాష్ట్రం లోపలే సరుకు అమ్మేవాళ్లకు సాధారణంగా ఆంధ్రలో ఏడాది టర్నోవర్ 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు, సేవలకైతే రెండు చోట్లా 20 లక్షలు దాటాకే తప్పనిసరి. తిండి వస్తువులకు మాత్రం ఇంట్లో వండి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి.

భయమేస్తోంది, మాకు వ్యాపారం అచ్చిరాదేమో అని కొందరు ఫోన్‌లో గొంతు తగ్గించి అడుగుతారు. భయపడేవాళ్లే రూపాయి రూపాయి రాసుకుంటారమ్మా, మీరు ధైర్యంగా ఉండండి. ఉద్యోగం మానకుండా, షాపు తీసుకోకుండా, రెండు నెలలు చిన్నగా అమ్మి చూడండి. పోతే కొన్ని వేలతో పోతుంది.

ఆ జంట అడ్వాన్స్ ఇవ్వలేదు. ఆవిడ ఇంట్లోనే వండి ఆయన ఆఫీసుకు 14 లంచ్ బాక్సులతో మొదలుపెట్టింది. నోట్‌బుక్‌లో మొదటి గీత కిందే "నా కూలీ" అని ఒక గడి గీసుకుంది, రోజుకు 300 వేసుకుంటోంది. ఇప్పుడు 31 బాక్సులు. షాపు సంగతి సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు.