గడ్డం నురగలో గ్లిజరిన్: సెలూన్ కుర్చీలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పెళ్లి ఇంకా రెండు రోజులుందనగా ఒక అబ్బాయి మా సెలూన్‌కు వచ్చాడు. దవడ కింద, గొంతు మీద అంతా ఎర్రటి కాట్లు. "అన్నా, గ్లిజరిన్ కలిపితే నున్నగ వస్తదన్నరు. రెండు చెంచాలు ఏసుకున్న" అన్నాడు. గ్లిజరిన్ చెడ్డదేం కాదు, నేనూ రోజూ వాడతాను. కాకపోతే దాని గురించి జనం చెప్పుకునే మాటలు సగం ఒప్పు, సగం తప్పు. ఆ తప్పు సగమే చర్మం మీద తేలుతుంది.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత నున్నగా గీస్తుంది.

వాస్తవం: ఒక గడ్డానికి మూడు నాలుగు చుక్కలు చాలు. అసలు మీ క్రీములోనే గ్లిజరిన్ ఉండి ఉంటుంది, ట్యూబు వెనక చూడండి. నూనెను క్షారంతో కలిపి సబ్బు చేస్తుంటే గ్లిజరిన్ దానంతట అదే పుడుతుంది. 1779లో స్వీడన్ శాస్త్రవేత్త షీలే దీన్ని మొదట ఆలివ్ నూనె నుంచే రాబట్టాడు.

గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా నురగ తొందరగా ఎండదు, కత్తి జారుగా నడుస్తుంది. మోతాదు మించితే బుడగలు విరిగిపోయి, నురగ మజ్జిగలా పలచబడి మెడ మీదికి కారుతుంది. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. కత్తి నడిచేటప్పుడు ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని బిగబట్టాలి. గ్లిజరిన్ ఎక్కువైతే ఆ వేలు పట్టు దొరక్క జారుతుంది. వదులైన చర్మం మడత పడుతుంది, ఆ మడత దగ్గరే కత్తికి చర్మం తెగుతుంది. ఆ అబ్బాయికి జరిగింది ఇదే. అందుకే నేను పటిక ముక్కను తడిపి వేళ్లకు రుద్దుకుంటాను, చర్మం చేతికి చిక్కుతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. బ్రష్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి రెండుసార్లు విదిలిస్తాను. బాదం గింజంత క్రీము గిన్నెలో వేసి, గ్లిజరిన్ లేకుండానే ఒక నిమిషం తిప్పుతాను. నురగ చిక్కబడ్డాకే చుక్కలు వేసి ఇంకో అర నిమిషం తిప్పుతాను. బ్రష్ పైకి లేపితే కొన వంగి, తడితడిగా మెరవాలి. కంటికి బుడగలు కనిపిస్తున్నాయంటే నురగలో గాలి ఎక్కువైనట్టే. కొండంత నురగ ఉంటేనే మంచి షేవింగ్ అనుకోవద్దు. పెరుగు మీగడలా పలచగా పరుచుకుని, వేళ్ల మధ్య జారితే అదే సరైన నురగ.

అపోహ: గ్లిజరిన్ వెంట్రుకను మెత్తబరుస్తుంది.

వాస్తవం: మెత్తబరిచేది నీళ్లు. ఎండిన గడ్డం వెంట్రుక గట్టిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు తడిలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది, కోయడానికి బలం తక్కువ చాలు. గ్లిజరిన్ ఆ తడిని ఆపుతుంది, అంతే. ముఖం సరిగా తడపకుండా నురగ పూసి వెంటనే గీసేస్తే ఎన్ని చుక్కలు వేసినా మంట తప్పదు. మా దగ్గర వేడి టవల్ కప్పేది ఇందుకే. ఇంట్లో అయితే స్నానం కాగానే గీసుకోండి.

అపోహ: బోరు నీళ్లలో నురగ రాకపోతే గ్లిజరిన్ కలిపితే సరి.

వాస్తవం: మా నల్లగొండ వైపు ఈ బాధ బాగా తెలుసు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకుని తెల్లటి తెట్టుగా మారుస్తాయి. గ్లిజరిన్‌కు వాటిని ఆపే శక్తి లేదు. తాగే ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు తీసుకుని నురగ తీయండి, తేడా మొదటి రోజే కనిపిస్తుంది. నీళ్లు కాచినా కొంత కఠినత్వం పోతుంది కానీ అంతా పోదు.

గ్లిజరిన్ వేస్తే గుల్లలు రావనీ అంటారు. గుల్లలు చాలావరకు వెంట్రుకకు ఎదురు గీయడం వల్ల వస్తాయి. రింగులు తిరిగిన గడ్డమైతే కొన వంగి మళ్లీ చర్మంలోకే దిగుతుంది. గొంతు దగ్గర వెంట్రుక ఎటు వాలిందో వేలితో నిమిరి చూసి, అటే గీయండి. ముఖం నల్లబడుతుందన్న భయమూ అక్కర్లేదు, చర్మం రంగును మార్చే గుణం గ్లిజరిన్‌కు లేదు.

అపోహ: గ్లిజరిన్ ఏదైనా ఒకటే.

వాస్తవం: ఈ ఒక్క మాటలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. మెడికల్ షాపులో, సీసా మీద ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశ మందుల నాణ్యతా ప్రమాణం) అని రాసి ఉన్నదే కొనండి. కంపెనీల అవసరాలకు డబ్బాల్లో వచ్చే చవక సరుకు ముఖానికి వద్దు. 1986లో ముంబైలో అలాంటి పారిశ్రామిక గ్లిజరిన్‌ను రోగులకు మందుగా తాగించారు. అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం వల్ల 14 మంది చనిపోయారు. మనం తాగకపోయినా, తెగిన చర్మం మీద రాస్తున్నామని గుర్తుంచుకోండి.

షేవింగ్ అయ్యాక చల్లని నీళ్లతో కడుక్కుని, ముఖం తడిగా ఉండగానే రెండు చుక్కలు అరచేతిలో నీళ్లతో కలిపి రాసుకోవచ్చు. చలికాలం పొడి గాలిలో చిక్కటి గ్లిజరిన్ నేరుగా రాస్తే చర్మంలోని తడినే లాగుతుంది.

ఆ అబ్బాయికి ఆ రోజు నేను కత్తి పెట్టలేదు. చల్లని టవల్ వేసి, రెండు రోజులు గడ్డం ముట్టుకోవద్దని పంపించాను. పెళ్లి రోజు పొద్దున ఐదింటికే వచ్చి కూర్చున్నాడు. వేడి టవల్, కొత్త బ్లేడు, మూడు చుక్కలు, వాలు వెంట ఒక్కసారి మాత్రమే గీశాను. లేచి అద్దంలో గొంతు తడుముకుని చూసుకున్నాడు.